పురుగు పట్టని మట్టి

ఆ వీధిలో ఆమెను అందరూ మట్టిపిన్ని అనేవారు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. మొదట్లో ఎవరో వెటకారానికి పెట్టిన పేరు అది. ఆమె దాన్నే బోర్డు మీద రాయించి దుకాణానికి తగిలించేసరికి వెటకారం కాస్తా వ్యాపారమైపోయింది. బాల్కనీల్లో, మేడల మీద కుండీలు పెట్టుకునేవాళ్ళకి మట్టి అమ్మడం ఆమె పని. మట్టి అమ్ముకుని బతకడమేమిటని నవ్వినవాళ్ళని ఆమె ఊరికే వదిలేది కాదు. "నేలంతా సిమెంటు పోసుకున్నది మీరు. ఇప్పుడు గుప్పెడు మట్టి కావాలంటే నా దగ్గరికి రాక ఎక్కడికి పోతారు?"

చెరువు ఒడ్డున ఒక రేకుల షెడ్డు, దాని ముందు ఎండ పడే జాగా. చెరువులోంచి తెచ్చిన ఒండ్రుమట్టిని అక్కడ టార్పాలిన్ల మీద పరిచి, ఎండాక చెక్కతో చితక్కొట్టి, జల్లెడ పట్టి, ఆకుల ఎరువు, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపేది. పాళ్ళు తూచేది కాదు. పిడికెడు తీసి గట్టిగా నొక్కి చెయ్యి విప్పేది. ముద్ద నిలబడాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకాస్త ఇసుక. అంతే ఆమె శాస్త్రం. చిన్న ట్రక్కు నడిపే మొగుడు బస్తాలు ఇళ్ళకి చేరవేసేవాడు. "ఊళ్ళో అందరూ పెళ్ళాం చేతి వంట తింటారు, నేను పెళ్ళాం చేతి మట్టి మోస్తాను" అనేవాడు.

నేలతల్లి, పూర్వుల జ్ఞానం, శ్రమజీవి చేతిలోని విద్య అంటూ కళ్ళు తుడుచుకుంటూ రాసే వ్యాసాలకి ఆమె బొమ్మ అచ్చంగా సరిపోయేది. ఒకటి రెండు పత్రికలు వేశాయి కూడా. ఫొటోలో జుట్టు చెదిరి ఉందని ఆమె విసుక్కుంది, అంతకుమించి పట్టించుకోలేదు. ఆ వ్యాసాలు రాసినవాళ్ళు ఆ మట్టిలో ఏముందని ఒక్కరూ అడగలేదు. మట్టి అంటేనే మంచిదని అందరికీ ముందే తెలుసు కదా!

తొలి రోజుల్లో ఆమె పడమటి ఒడ్డున తవ్వేది. ఆ మట్టి నిండా నత్తలు, వానపాములు, పేరు తెలియని తెల్ల పురుగులు. జల్లెడకి చిక్కనివి కుండీల్లోకి చేరేవి. ఇక ఫోన్లు మొదలు: "పిన్నీ, బాల్కనీలో ఏదో పాకుతోంది!", "పిన్నీ, మా ఆవిడ మంచం దిగడం లేదు!" మేడ మీద తోట పెంచేవాళ్ళకి ప్రకృతి అంటే మహా ప్రేమ. కాకపోతే అది కదలకూడదు.

ఒక వేసవిలో చెరువు బాగా ఎండిపోయినప్పుడు ఉత్తరపు మూల బయటపడింది. ఒకప్పుడు దాని ఎగువన బ్యాటరీల ఫ్యాక్టరీ ఒకటి, ఇనుప సామానుకి మెరుపు పూత వేసే షెడ్లు కొన్ని ఉండేవి. అవి మూతపడి ఏళ్ళు గడిచాయి. వాటి మురుగు చెరువులోకి తెచ్చిన కాలువలో గడ్డి మొలిచింది. నీళ్ళు తేటగా ఉన్నాయి, కొంగలు కూడా వాలుతున్నాయి. ఇక భయమెందుకు? ఆమె పార వేసి చూసింది. నల్లని మట్టి, పిండిలా మెత్తన. ఒక్క నత్త లేదు, ఒక్క పురుగు లేదు, కలుపు వేరన్నది లేదు. ఎండబెట్టి, ఎరువు కలిపి పాలకూర చల్లింది. ఆకులు అరచేతంత వచ్చాయి, ఒక్కదానికీ చిల్లు లేదు. అప్పటినుంచి బోర్డు మీద పేరు కింద ఇంకో మాట చేరింది: పురుగు పట్టని మట్టి.

మట్టి సంగతి తెలియని మనిషి అయితే నల్లగా ఉందని, వాసన వేస్తోందని వదిలేసి పోయేది. పురుగు లేకపోవడాన్ని గమనించి, దానికి సంబరపడి, దాన్ని ఏరికోరి తెచ్చుకోవాలంటే ఆ పనిలో చేయి తిరిగి ఉండాలి. ఆమెకి తిరిగింది.

ఆ మట్టి ఆమెకి చుట్టరికం కూడా తిరిగి తెచ్చిపెట్టింది. మొగుడి చెల్లెలికీ ఆమెకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఎవరు ఎవరిని ముందు పలకరించలేదన్న దగ్గర మొదలైన తగువు అది. ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళే పలకరించాలని పట్టుబట్టి కూర్చున్నారు. చివరికి ఆడపడుచు కూతురికి పాప పుట్టినప్పుడు మట్టిపిన్నే దిగివచ్చింది. ట్రక్కు నిండా కుండీలు, బస్తాలు వేసుకెళ్ళి వాళ్ళ మూడో అంతస్తు బాల్కనీలో తన చేత్తో తోట పెట్టింది. "పిల్లకి బజారు ఆకుకూర పెట్టకండి, మందులు కొడతారు. ఇది తినిపించండి" అంది. ఆడపడుచు, "మాకోసం ఇంత కష్టపడ్డావా వదినా!" అంది. అంతటితో తగువు తీరిపోయింది.

ఆ పాపని అందరూ ఉడత అనేవారు. ఏది దొరికినా రెండు చేతులతో పట్టుకుని నోట్లో కుక్కుకునేది. పాకడం వచ్చిన దగ్గరనుంచి బాల్కనీయే దాని లోకం. వేలు కుండీలోకి, కుండీలోంచి నోట్లోకి. "పెద్దమ్మమ్మ మట్టి అంత రుచా తల్లీ!" అని ఇంటిల్లిపాదీ నవ్వేవారు. అందరికంటే ఎక్కువ మట్టిపిన్ని నవ్వేది. ఆ పిల్ల ఎవరి చంకా ఎక్కదు, ఆమె వస్తే మాత్రం దూకేది.

అలాంటి రోజుల్లోనే ఉత్తరపు మూలకి ఒక పరిశోధక విద్యార్థిని చిన్న పడవలో వచ్చింది. చెరువు అడుగుకి పొడవాటి గొట్టం దింపి మట్టి తీస్తోంది. ఒడ్డున పారతో ఉన్న మట్టిపిన్నికి తమాషాగా తోచింది.

"ఆ గొట్టంతో రోజంతా తవ్వినా గంపెడు రాదమ్మాయ్! పార ఇవ్వనా?"

"గంపెడు వద్దాంటీ, మూరెడు చాలు. పై పొర, కింది పొర కలిసిపోకుండా రావాలి."

"ఏ మొక్కకి?"

"మొక్కకి కాదు, పరీక్షకి."

"మట్టికి కూడా పరీక్షలొచ్చాయా! పాసైతే ఏం చేస్తారు, పై క్లాసుకి పంపిస్తారా?"

అమ్మాయి నవ్వింది. పడవ ఒడ్డుకి తెచ్చాక బస్తాలు చూసి నవ్వు ఆపేసింది. "ఇవెక్కడికి?"

"ఎక్కడికేమిటి, ఊరంతా! కుండీలకి. ఈ మూల మట్టికి పురుగు పట్టదు, తెలుసా? పడమట తవ్వితే పారకి నాలుగు నత్తలు. ఇక్కడ ఒక్కటి చూపించు, నా పేరు మార్చుకుంటా."

"పురుగు ఎందుకు పట్టదో ఎప్పుడైనా అనుకున్నారా ఆంటీ?"

"శుభ్రమైన మట్టి కనక."

అమ్మాయి మళ్ళీ బస్తాల వైపు చూసింది. ఒక్క సంచి మట్టి అడిగి తీసుకుని వెళ్ళిపోయింది. పరిశోధన అచ్చయ్యేదాకా బయట మాట్లాడవద్దని ఆమె ప్రొఫెసరు చెప్పి ఉన్నాడు. శాస్త్రానికీ తన పట్టింపులు తనకున్నాయి. చెరువులోని విషం ఒక వ్యాసంగా మారి, దాన్ని ముగ్గురు పెద్దమనుషులు చదివి సరేననేదాకా అది విషం కాదు. అమ్మాయి కొన్ని వారాలు ఆ మాట మీద నిలబడింది. తర్వాత నిలబడలేక ఒక మధ్యాహ్నం షెడ్డుకి వచ్చి చెప్పేసింది.

ఫ్యాక్టరీలు పోయినా, అవి వదిలిన లోహాలు పోలేదు. నీళ్ళు ఏటేటా మారతాయి, అడుగున పేరుకున్న బురద మారదు. అందులో సీసం, కాడ్మియం, క్రోమియం ఉన్నాయి, కూరలు పండించే నేలలో ఉండదగ్గదానికంటే ఎన్నో రెట్లు. రాగి, జింకు కూడా విపరీతం. నత్తల్నీ పురుగుల్నీ బతకనివ్వనివి అవే.

"మరి నా పాలకూర? అంత పచ్చగా ఎలా పెరిగింది?"

"మీరు ఎరువు బాగా వేశారు కదాంటీ. మొక్క చావదు. పైకి ఏమీ కనిపించదు. కాడ్మియం ఆకులోకి ఎక్కుతుంది, తిన్నవాళ్ళలో చేరుతుంది. సీసం ఎక్కువగా మట్టిలోనే ఉంటుంది. మట్టి నోట్లోకి వెళ్తేనే..."

మట్టిపిన్ని చివరిమాట వినిపించుకోలేదు. "ఎవరు పంపారు నిన్ను? ఆ సంచుల్లో మట్టి అమ్మే కంపెనీవాళ్ళా? నా పొట్ట కొట్టడానికి చదువుకున్నావా ఇంత చదువు?" అని షెడ్డు అదిరిపోయేలా అరిచింది. అమ్మాయి కాగితం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ కాగితాన్ని ఆమె చూడనైనా లేదు. అంకెలు ఎవరైనా రాస్తారు.

ఆమె నమ్మింది వేరే సాక్ష్యాన్ని. రెండు బేసిన్లు తీసుకుని ఒకదాన్లో పడమటి మట్టి, ఇంకోదాన్లో ఉత్తరపు మట్టి వేసి తడిపింది. ఎరువు గుంటలోంచి వానపాముల్ని తీసి రెంటిమీదా వదిలింది. పడమటి మట్టిలోవి చూస్తుండగానే లోపలికి దిగిపోయాయి. ఉత్తరపు మట్టిమీదవి దిగలేదు. తల పెట్టి చూసి వెనక్కి తీసుకున్నాయి. మెలికలు తిరుగుతూ అంచుకి చేరి, జారే గోడ మీదికి ఎక్కాలని చూశాయి. తడి గోనె కప్పి లోపలికి వెళ్ళింది. పొద్దున్న తీసి చూస్తే అన్నీ ఆ అంచునే ఎండిన దారపు ముక్కల్లా పడి ఉన్నాయి.

మొగుడు పళ్ళు తోముకుంటూ వచ్చి, "ఏమిటే, ఇప్పుడు వానపాముల వ్యాపారమా?" అన్నాడు. అమ్మాయి చెప్పిన చివరిమాట అప్పుడు వినపడింది ఆమెకి. మట్టి నోట్లోకి వెళ్తేనే.

"బండి తియ్యి" అంది. "మీ చెల్లెలి ఇంటికి."

దారి పొడుగునా ఆమె ఆలోచించింది నిజం ఎలా చెప్పాలా అని కాదు, ఎలా చెప్పకుండా పని కానివ్వాలా అని. నిజం చెబితే ఆ ఇంటి తలుపు మళ్ళీ మూసుకుంటుంది. ఈసారి తెరుచుకోదు. అందుకని మెట్లెక్కుతూ ఒక అబద్ధం తయారు చేసుకుంది.

"ఆ కుండీల మట్టి మార్చాలి" అంది లోపలికి వస్తూనే. "పురుగు పట్టింది."

ఆడపడుచు పకపక నవ్వింది. "నీ మట్టికి పురుగేమిటి వదినా! బోర్డు మీద అంత లావు అక్షరాలతో రాయించుకుని! ఇదిగో చూడు, ఒక్క ఆకుకి చిల్లుందేమో చూపించు. ఇంత ఏపుగా ఉన్నదాన్ని పీకేస్తానంటే ఊరుకుంటానా? ఈ కోత కానీ, తర్వాత చూద్దాం."

"తర్వాత కాదు, ఇప్పుడే."

"ఏం, ఎవరికైనా పెద్ద బేరం ఒప్పుకున్నావా? మా కుండీలు వాళ్ళకి సర్దేస్తావా?"

"నీ నోట మంచిమాట రాదు కదా!"

"నా నోటి సంగతి నీకిప్పుడే తెలిసిందా?"

ఇద్దరూ సగం సరదాగా, సగం పాత కచ్చతో ఇలా అనుకుంటుండగా ఉడత బాల్కనీలో నిలబడి కుండీ పట్టుకుంది. నల్లని మట్టి గుప్పెడు తీసి, వచ్చిన చుట్టానికి చూపించి, మురిసిపోతూ నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. మట్టిపిన్ని ఒక్క అంగలో వెళ్ళి ఆ చేతి మీద కొట్టింది. గట్టిగా. నోట్లో వేలు పెట్టి దొరికిందల్లా లాగేసింది. పిల్ల ఊపిరి బిగబట్టి, తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది.

"పసిదాన్ని కొడతావా!" ఆడపడుచు పిల్లని లాక్కుంది. గదిలోంచి పిల్ల తల్లి పరుగెత్తుకొచ్చింది. ఫోన్ల దుకాణంలో పనిచేసే ఆ అమ్మాయి డ్యూటీకి తయారవుతోంది, దువ్వెన జుట్టులోనే ఉంది. "ఏమైందత్తా? ఎందుకు కొట్టావు?"

అబద్ధం ఇక అక్కరకి రాలేదు. మట్టిపిన్ని నేల మీద కూర్చుని ఉన్నదంతా చెప్పింది. ఫ్యాక్టరీ, సీసం, వానపాములు. చెప్పడం అయ్యాక ఆడపడుచు మెల్లగా అంది: "అయితే పురుగు పట్టిందని అబద్ధం ఎందుకు చెప్పావు? నేను నమ్మి ఉంటే, మట్టి మార్చేసి వెళ్ళిపోయేదానివే కదా. పిల్లని డాక్టరుకి చూపించాలని మాకు తెలిసేదే కాదు కదా!"

మట్టిపిన్ని నిజంగానే అంతదూరం ఆలోచించలేదు. ఆ సంగతి చెప్పుకోవడం తప్పు కంటే హీనంగా ఉంటుందని ఊరుకుంది.

రక్తపరీక్షలో సీసం ఉందని తేలింది. మందులతో లాగేయాల్సినంత కాదు, ఊరుకోదగ్గంతా కాదు. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. మట్టి ఆపండి, ఇల్లు తడిగుడ్డతో తుడవండి, ఇనుము, కాల్షియం ఉన్న తిండి పెట్టండి, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించండి అంది. "పిల్లకి ఏమైనా అవుతుందా?" అని తల్లి అడిగింది. "చదువులో కాస్త వెనకబడవచ్చు, వెనకబడకపోవచ్చు. ఇప్పుడే చెప్పలేం" అంది డాక్టరమ్మ. ఏదీ తేల్చని ఆ జవాబును పట్టుకుని వాళ్ళు ఇంటికి వచ్చారు.

మర్నాడు మట్టిపిన్ని వచ్చి గుమ్మంలో నిలబడి ఏడవబోతే పిల్ల తల్లి ఆపింది. "మా ఇంటికొచ్చి ఏడవకత్తా. ఇంకా ఎన్ని ఇళ్ళకి అమ్మావో అక్కడికి వెళ్ళు. ఆ ఇళ్ళలో పిల్లలు లేరా?"

ఆమె వెళ్ళింది. మన కథల్లో తప్పు తెలుసుకున్న మనిషి తలుపు తట్టగానే లోకం కరిగిపోతుంది. ఇక్కడ లోకం తలుపు సగమే తీసి, గొలుసు సందులోంచి చూసింది. పెట్టిన తోటని పీకుతానంటే ఎవరు ఒప్పుకుంటారు? "కాయలు కోసుకున్నాక రా", "మాకేమీ కాలేదే!", "కొత్త మట్టి అంటగట్టడానికి ఇదో ఎత్తా?" అన్నారు. పదవీ విరమణ చేసిన మేష్టారొకాయన, మందులు లేని తిండి మీద వీధంతటికీ ఉపన్యాసాలిచ్చే మనిషి, "ఇది స్వచ్ఛమైన చెరువు మట్టమ్మా. ప్రకృతి ఎవరికీ అపకారం చెయ్యదు" అన్నాడు. "ప్రకృతి చెయ్యలేదండీ, నేను చేశాను" అంది ఆమె. ఆయనకి ఆ మాట నచ్చలేదు, తలుపు వేసేశాడు. కొందరు మాత్రం వెంటనే ఖాళీ చేయించుకున్నారు. అలాంటివాళ్ళలో ఎక్కువమంది చంటిపిల్లల తల్లులు. వాళ్ళు ఆమెని తిట్టారు కూడా. ఆ తిట్లు ఆమెకి ఊరటగానే ఉన్నాయి, కనీసం నమ్మారు కనక.

తీసిన మట్టి ఎక్కడ పోయాలి? నగర కార్యాలయంలో ఇది మామూలు చెత్త కాదు, మా బండ్లు ఎక్కించుకోవు అన్నారు. ఫ్యాక్టరీకి గేటు ఉంది, గేటుకి తాళం ఉంది, తాళానికి యజమాని లేడు. మొగుడు, "ఎక్కడిది అక్కడే పోసేద్దామే, చెరువు కాదంటుందా?" అన్నాడు. "పోస్తే ఇంకొకడు తవ్వుకుపోతాడు. నేను తవ్వలేదూ?" అంది. బస్తాలు షెడ్డులోనే పేరుకున్నాయి. పరిశోధక విద్యార్థిని వచ్చి, తడవకుండా, దుమ్ము లేవకుండా ఎలా కప్పాలో చూపించింది. బోర్డు దించేశారు. ఆకుల ఎరువు మటుకు అమ్ముతోంది. కొనేవాళ్ళు తక్కువ.

రెండో పరీక్ష రోజున పిల్ల తల్లి నుంచి ఫోను వచ్చింది. ముక్తసరిగా: "ఇది ఎవరి దగ్గరా నిలవడం లేదు. రక్తం తీసేటప్పుడు నువ్వు పట్టుకోవాలి. రా." మట్టిపిన్ని అప్పుడే ఒక మేడ మీద కుండీలు ఖాళీ చేస్తోంది. అక్కడే పంపు కింద చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, మొగుణ్ణి తొందరపెట్టి ఆసుపత్రికి చేరింది.

వరండాలో బెంచీ మీద ఆడపడుచు, పక్కన కూతురు, దాని ఒళ్ళో ఉడత. ఆడపడుచు తల తిప్పుకుంది. ఉడత మాత్రం కెవ్వుమని సంబరంగా అరిచి చేతులు చాపింది. మట్టిపిన్ని ఎత్తుకోబోయింది.

"ఉండత్తా. గోళ్ళు చూపించు."

ఆమె రెండు చేతులూ చాపింది. గోళ్ళ కింద నల్లటి గీత. వేళ్ళ పగుళ్ళలో కూడా.

"పొద్దున్న ఆ మూలమేడ వాళ్ళ కుండీలు తీశానే. వాళ్ళకీ పాకే పిల్లాడున్నాడు. కడుక్కున్నాను. ఒట్టు."

"కడుక్కునే ఉంటావు. పోలేదు." ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "ఈ పని చెయ్యి, నేనే చెయ్యమన్నాను. కానీ చేసినన్నాళ్ళూ దీన్ని ముట్టుకోకు."

నర్సు పిలిచింది. తల్లీ అమ్మమ్మా పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు వెనకాల కాళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు, నర్సు బుజ్జగింపు, తర్వాత ఏడుపు. మట్టిపిన్ని బెంచీ మీద కూర్చోలేదు, తర్వాత ఏ పిల్లయినా అక్కడ కూర్చుంటుందేమోనని గోడని కూడా తాకకుండా నిలబడింది.

చాలాసేపటికి బయటికి వచ్చారు. "తగ్గిందట" అంది పిల్ల తల్లి. "కొంచెం. ఎముకల్లో చేరింది ఒక్కసారిగా పోదంటున్నారు. మళ్ళీ రమ్మన్నారు." తర్వాత అడిగింది: "ఇంకా చాలా ఇళ్ళున్నాయా?"

"ఉన్నాయే. సగం మంది తలుపే తియ్యడం లేదు."

"తీసేదాకా కొట్టు."

ఆడపడుచు భుజం మీంచి ఉడత ఎర్రబడ్డ కళ్ళతో తొంగి చూసి, దూదీ ప్లాస్టరూ అంటించిన చేతిని మళ్ళీ చాపింది. మట్టిపిన్ని తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.